వాయుపూరణం – నీటికీ నేలకూ గాలి అందించే విధానాలు

రొయ్యల చెరువులో తెల్లవార్లూ తిరిగే తెడ్డుచక్రం, మురుగునీటి శుద్ధి కేంద్రంలో అడుగునుండి ఎగసివచ్చే బుడగలు, మంచినీటి ట్యాంకుకు చేరేముందు మెట్లు మెట్లుగా దూకే బోరునీరు, వేరుశనగ సాళ్ళ మధ్య రైతు తోలే గుంటక – ఇవి చూపులకు ఒకదానితో ఒకటి పొంతన లేనివి. అయినా ఈ నాలుగింటిలోనూ జరిగే పని ఒక్కటే. దానిని ఆంగ్లంలో ఏరేషన్ అనీ, తెలుగులో వాయుపూరణమనీ అంటారు. ద్రవానికి గాని, నేలవంటి పదార్థానికి గాని గాలి బాగా సోకేటట్లు చేసి, అందులోని ప్రాణవాయువు లోపలికి చేరడానికీ, లోపల చిక్కుకొన్న అక్కరలేని వాయువులు బయటికి పోవడానికీ వీలు కల్పించడమే వాయుపూరణం.

ఈ నిర్వచనంలోని రెండవ సగాన్ని చాలామంది మరచిపోతారు. పూరణమంటే నింపడమే గనుక గాలిని లోపలికి నింపడమే పని అనుకొంటారు. నిజానికి ఇది రాకపోకలు రెండూ ఉన్న బాట. నీటిలో ఏ వాయువు తక్కువైతే అది గాలిలోనుండి నీటిలోనికి వస్తుంది; ఏది ఎక్కువైతే అది నీటిని విడిచి గాలిలో కలుస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన వేసే బోరునీటిని పైనుండి చిమ్మితే కొంతసేపటికి వాసన తగ్గడం ఈ రెండవ రకపు పనికి ఉదాహరణ.

పేరు తెచ్చే చిక్కులు

ఈ మాట చుట్టూ కొన్ని పొరపాట్లు అల్లుకొని ఉన్నాయి. మన దేశంలో సోడాను, శీతల పానీయాలను పన్నుల చట్టాలలో నేటికీ ‘ఏరేటెడ్ వాటర్స్’ అనే పేరుతోనే పేర్కొంటారు. అయితే ఆ సీసాలో ఒత్తిడితో నింపేది గాలి కాదు, బొగ్గుపులుసు వాయువు. ఆ వాయువును నీటిలో కరిగించే పద్ధతిని 1767లో కనుగొన్న జోసెఫ్ ప్రీస్ట్లీయే 1774లో ప్రాణవాయువును వేరుచేసి చూపిన శాస్త్రజ్ఞుడు కూడా కావడం ఒక విచిత్రం. 1872 నాటి హిరమ్ కాడ్ సీసా మన ఊళ్ళలో గోలీ సోడాగా నిలిచిపోయింది.

ఇండ్ల నిర్మాణంలో ఈమధ్య విరివిగా వాడుతున్న తేలిక సిమెంటు ఇటుకల సంగతీ అంతే. వీటిని వాయుపూరిత కాంక్రీటు అంటారు. 1920 దశకంలో స్వీడన్ దేశస్థుడు యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ రూపొందించిన ఈ పద్ధతిలో సున్నం, సిమెంటు కలిపిన ముద్దలో అల్యూమినియం పొడి వేస్తారు. అప్పుడు పుట్టే హైడ్రోజన్ బుడగలు ముద్దను ఇడ్లీపిండివలె పొంగిస్తాయి. తరువాత ఆ వాయువు వెళ్ళిపోయి, దాని స్థానంలో గాలి చేరుతుంది.

మరొక పొరపాటు ప్రాణాంతకమైనది. గదికి, గనికి, బావికి గాలి ఆడేటట్లు చేయడం వాయుప్రసరణమే గాని వాయుపూరణం కాదు. పాడుబడిన లోతైన బావులలో బొగ్గుపులుసు వాయువు గాలికన్న బరువైనది కావడం వలన అడుగున నిలిచి ఉంటుంది. లాంతరును దింపి చూసి, అది ఆరిపోకపోతే దిగవచ్చునని పెద్దలు చెప్పే పరీక్ష సగం మాత్రమే నిజం. దీపం ఆరిపోతే దిగరాదన్నది సరైనదే. అయితే దీపం వెలుగుతున్నంత మాత్రాన దిగవచ్చునని కాదు. పూడిక మట్టినుండి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడు దీపాన్ని ఆర్పనంత కొద్దిగా ఉన్నా మనిషిని పడగొడుతుంది. మీథేన్ ఉంటే దీపమే ప్రమాదం. బావి నీరు ఎంత చిలికినా పైనున్న ఈ వాయువులు పోవు. బ్లోయరుతో బయటి గాలిని అడుగుదాకా పంపడం, దిగేవారికి నడుముతాడు కట్టడం, పైన మనుషులు ఉండడం తప్పనిసరి.

నీటిలో ప్రాణవాయువు ఎంత?

వాయుపూరణం ఎందుకు అవసరమో ఒకే ఒక లెక్క తెలియజేస్తుంది. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. మన వేసవి వేడిమిలో, అనగా 30 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, ఒక లీటరు మంచినీరు గాలినుండి గ్రహించి నిలుపుకోగలిగినది 7.6 మిల్లీగ్రాములు మాత్రమే. గాలిలో ఉన్నదానిలో ఇది ముప్పయి అయిదవ వంతు. నీరు చల్లబడితే ఈ పరిమితి పెరుగుతుంది. 20 డిగ్రీల వద్ద 9.1, సున్నా డిగ్రీల వద్ద 14.6. ఉప్పు పెరిగితే తగ్గుతుంది. కాబట్టి జీవులకు ఊపిరి ఎక్కువ అవసరమయ్యే వేసవిలోనే నీటి దగ్గర నిలువ తక్కువగా ఉంటుంది.

ఇంకొక ఇబ్బంది ఉన్నది. నిశ్చలమైన నీటిలో ప్రాణవాయువు తనంతట తాను పాకి వెళ్ళే వేగం గాలిలోకన్న సుమారు పదివేల రెట్లు తక్కువ. చెరువు ఉపరితలం గాలిని ఎంత తాగినా, కదలిక లేకపోతే అది అడుగుకు చేరదు. అందుచేత వాయుపూరణ యంత్రాలన్నీ, వాటి ఆకారాలు ఎన్ని విధాలుగా ఉన్నా, రెండు పనులే చేస్తాయి. మొదటిది గాలి, నీరు కలిసే ఉపరితలాన్ని పెంచడం. రెండవది అక్కడి నీటిని పక్కకు నెట్టి కొత్త నీటిని తేవడం. పది మిల్లీమీటర్ల వ్యాసం గల ఒక బుడగను ఒక మిల్లీమీటరు బుడగలుగా విడగొడితే వేయి బుడగలు అవుతాయి. గాలి పరిమాణం మారదు గాని, నీటిని తాకే మొత్తం ఉపరితలం పది రెట్లవుతుంది. హోటలులో కాఫీని గ్లాసునుండి గిన్నెలోనికి బారెడు ఎత్తునుండి పోసేవారు ఈ సూత్రాన్నే వాడుతున్నారు. అక్కడ కావలసినది ప్రాణవాయువు కాదు, చల్లదనం, నురుగు.

రొయ్యల చెరువులో రాత్రివేళ

యానాం పరిసరాలలోని గోదావరి తీరం మొదలు నెల్లూరు వరకు వాయుపూరణమంటే ముందుగా గుర్తుకు వచ్చేది రొయ్యల చెరువే. మన దేశంలో 2009లో వనామీ రకానికి అనుమతి లభించిన తరువాత చెరువులో వదిలే పిల్లల సంఖ్య బాగా పెరిగింది. ఏరియేటరు లేని వనామీ చెరువు నేడు దాదాపు కనిపించదు. ఒక అశ్వశక్తి తెడ్డుచక్రం ఇంచుమించు 400 నుండి 500 కిలోల రొయ్యలకు సరిపోతుందన్నది సాధారణంగా పాటించే లెక్క.

పగటిపూట చెరువుకు ప్రాణవాయువును అందించేది యంత్రం కాదు, నీటికి పచ్చదనాన్ని ఇచ్చే సూక్ష్మమైన నాచు. ఎండలో అది ప్రాణవాయువును విడుస్తుంది. చీకటి పడగానే అదే నాచు ప్రాణవాయువును పీల్చుకొనడం మొదలుపెడుతుంది. చాలా చెరువులలో రాత్రి ఖర్చులో పెద్దభాగం రొయ్యలది కాదు. నాచుది, అడుగున మిగిలిన మేత, వ్యర్థాలను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులది. అందువలన నీటిలోని నిలువ రాత్రి గడిచేకొద్దీ తరిగి, తెల్లవారుజామున, సూర్యోదయానికి కొద్దిగా ముందు, అన్నింటికన్న తక్కువకు చేరుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే నిశ్చింత. 3కు దిగితే రొయ్య మేత మానుతుంది, జబ్బులకు లోనవుతుంది. 1కి చేరువైతే గట్టువెంట, నీటిపైన తేలి చనిపోతుంది.

రెండు మూడు రోజులు ముసురు పట్టినప్పుడు, లేదా నాచు ఒక్కసారిగా చచ్చి నీటి రంగు మారినప్పుడు ఈ ప్రమాదం రెట్టింపవుతుంది. అటువంటి రాత్రి కరెంటు పోయి, జనరేటరు పలకకపోతే నాలుగు నెలల పెట్టుబడి రెండు మూడు గంటలలో పోతుంది. చెరువుగట్టు మీద కాపలాదారు నిద్రపోకుండా వినేది దొంగల అడుగుల చప్పుడును కాదు, చక్రం చప్పుడు ఆగిందా అని.

ఎక్కువ యంత్రాలు, ఎక్కువ గంటలు అన్నది కూడా సరైన మార్గం కాదు. ఎండ కాసే మధ్యాహ్నం పచ్చని చెరువు నీటిలో ప్రాణవాయువు పరిమితిని మించి ఉంటుంది. అప్పుడు చక్రాలన్నీ తిప్పితే ఆ మిగులు గాలిలోనికి పోతుంది. రాకపోకల బాట అని ముందు చెప్పుకొన్నది ఇక్కడ రైతుకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. పై పొర, అడుగు పొర కలవడానికి కొంతసేపు తిప్పడం మేలే. అయితే మీటరు చూడకుండా పగలంతా తిప్పే యంత్రం డబ్బు ఖర్చుపెట్టి ప్రాణవాయువును పోగొట్టడమే అవుతుంది.

నేలకూ ఊపిరి కావాలి

మంచి సాగునేలలో ఇంచుమించు సగం మట్టి, సగం ఖాళీ. ఆ ఖాళీలో కొంత నీరు, కొంత గాలి ఉంటాయి. గాలి వాటా నేల మొత్తంలో పదింట ఒక వంతుకన్న తగ్గితే చాలా పైర్ల వేళ్ళు పెరగడం మానుతాయి. బళ్ళారి, రాయచూరు, కర్నూలు ప్రాంతాల నల్లరేగడిలో పెద్దవాన తరువాత నీరు నిలిచిన చేనులో పత్తి ఆకులు వాడి వేలాడడం చూసి, నీరు ఉండగానే పైరు ఎందుకు వాడిందని పిల్లలు అడుగుతారు. వేరుకు గాలి అందక నీటిని పీల్చలేకపోవడమే జవాబు.

గుంటక తోలడం కలుపు కోసమేనన్నది పాక్షిక సత్యం. వాన తరువాత గట్టిపడిన పైపొర పగిలి గాలి లోపలికి దిగడం మరొక లాభం. అనంతపురం, పావగడ, కోలారు సీమలలో పండే వేరుశనగకు ఇది మరింత అవసరం. దాని వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు స్థిరీకరించే నత్రజని నేలలోని గాలినుండే రావాలి, కాయ కూడా నేలలోనే ఊరాలి. అయితే ఊడలు దిగే దశ వచ్చాక, అనగా సుమారు 45 రోజుల తరువాత, గుంటక తోలరాదు. ఊడలు తెగిపోతాయి.

వరి ఒక మినహాయింపు. దాని కాడలో ఆకునుండి వేరుదాకా గాలి గొట్టాలు ఉండడం వలన నీటిలో నిలిచి బ్రతుకుతుంది. అంతమాత్రాన ఎల్లవేళలా నీరు నిలపవలసిన అవసరం లేదు. ‘శ్రీ’ పద్ధతిలో లేతనారును చదరపు పద్ధతిలో దూరదూరంగా నాటి, కోనోవీడరు నడపడంలో ఉద్దేశం కలుపును మట్టిలో కలపడమే కాక బురదకు గాలి సోకించడం కూడా. మడి నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల లోతుకు దిగేదాకా ఆగి మరల తడిపే ఆరుతడి విధానంలో నీరు ఆదా అవుతుంది, గాలి అందని బురదలో పుట్టే మీథేన్ సగానికి దగ్గరగా తగ్గుతుంది.

త్రాగునీరు – ఇనుము పోతుంది, ఫ్లోరైడు పోదు

ఒడిశా తీర జిల్లాలలో ఎన్నో బోర్ల నీరు పంపు కొట్టగానే తేటగా ఉండి, బిందెలో కొంతసేపు నిలిచాక ఎర్రబడుతుంది. భూమిలో గాలి తగలని చోట కరిగి ఉన్న ఇనుము ప్రాణవాయువు సోకగానే తుప్పుగా మారి విడిపోవడమే ఇది. ఒక మిల్లీగ్రాము ప్రాణవాయువు ఏడు మిల్లీగ్రాముల ఇనుమును మార్చగలదు. అందుకే నీటిని మెట్లమీదుగా దూకించి, తేర్చి, ఇసుక పొరలో వడగట్టే చవకైన విధానం చక్కగా పనిచేస్తుంది. నీరు ఆమ్లగుణం కలిగి ఉంటే మాత్రం ఈ మార్పు చాలా మందగిస్తుంది. అటువంటి చోట ముందుగా సున్నం కలుపుతారు.

ఇది చూసి, గాలి పట్టించి వడగడితే ఏ నీరైనా మంచిదవుతుందని నమ్మేవారున్నారు. నల్లగొండ, అనంతపురం, కోలారు, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో ఈ నమ్మకం హాని చేస్తుంది. ఫ్లోరైడు వాయువుగా లేచిపోయేది కాదు, ప్రాణవాయువుతో కలిసి అడుగుకు దిగేదీ కాదు. ఎన్ని మెట్లు దూకించినా అది ఉన్నంత ఉంటుంది. కాచినప్పుడు నీరు ఇగిరి మరికొంత చిక్కబడుతుంది. దానికి పటిక, సున్నం వాడే నల్లగొండ పద్ధతివంటి వేరే మార్గాలు ఉన్నాయి. ఉప్పు, నైట్రేటుల విషయం కూడా ఇంతే.

మురుగునీరు – మాంచెస్టరునుండి కోలారు దాకా

మురుగునీటికి గాలి పట్టించే ప్రయత్నాలు పంతొమ్మిదవ శతాబ్దిలోనే జరిగాయి గాని, ఫలితం అంతంతమాత్రం. 1912లో ఇంగ్లండునుండి అమెరికా వెళ్ళిన గిల్బర్ట్ ఫౌలర్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని లారెన్సు ప్రయోగశాలలో ఇటువంటి ప్రయోగాలను చూసి, మాంచెస్టరుకు తిరిగివచ్చి తన సహచరులకు చెప్పాడు. ఎడ్వర్డ్ ఆర్డెన్, విలియం లాకెట్ అనే ఆ ఇద్దరూ సీసాలకు కాగితం చుట్టి, వెలుగు సోకకుండా మురుగునీటిలోనికి గాలి ఊదారు. మొదటిసారి నీరు పూర్తిగా శుద్ధి కావడానికి అయిదు వారాలు పట్టింది. అప్పుడు వారు చేసిన పని చిన్నదే. పైనున్న తేటనీటిని వంచివేసి, అడుగున చేరిన మడ్డిని పారవేయకుండా, దానిపైనే కొత్త మురుగు పోసి మరల గాలి ఊదారు. ఇట్లా చేస్తూపోగా అయిదు వారాల పని కొన్ని గంటలకు తగ్గింది. మడ్డిలో పెరిగిన సూక్ష్మజీవులే మలినాన్ని తింటున్నాయి. గాలి వాటికి ఊపిరి మాత్రమే. 1914లో వారు ప్రకటించిన ఈ ‘చురుకైన మడ్డి’ విధానమే నేటికీ ప్రపంచ నగరాలలో అధికభాగపు మురుగుశుద్ధికి ఆధారం. ఫౌలర్ 1916లో బెంగళూరు వచ్చి, భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడయ్యాడు.

ఆ బెంగళూరు మురుగే నేడు పొరుగు జిల్లా భవిష్యత్తుతో ముడిపడింది. కోరమంగల–చెల్లఘట్ట లోయలోని శుద్ధి కేంద్రాలనుండి రోజుకు 44 కోట్ల లీటర్ల నీటిని కోలారు జిల్లాలోని వందకు పైగా చెరువులకు ఎత్తిపోసే లక్ష్యంతో రూపొందించిన పథకం 2018 జూన్‌లో ఆరంభమైంది. ఆ జిల్లాలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాలెన్నో ఈ చెరువుల ఆయకట్టు కిందనో, వాటి ఊటతో నిండే బోర్ల మీదనో ఆధారపడి ఉన్నాయి. నీరు వచ్చిన మరుసటి నెలలోనే లక్ష్మీసాగర చెరువులో నురుగు కనిపించడంతో వివాదం హైకోర్టుకు చేరి, సరఫరా కొంతకాలం ఆగి, తరువాత మరల సాగింది.

ఇక్కడ వాయుపూరణం ప్రాముఖ్యం స్పష్టంగా తెలుస్తుంది. మురుగులోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చడానికి, ప్రతి గ్రాము అమ్మోనియా నత్రజనికి దాదాపు 4.6 గ్రాముల ప్రాణవాయువు కావాలి. ఆ పని చేసే సూక్ష్మజీవులు నెమ్మదిగా పెరిగేవి, గాలి తగ్గగానే మొదట నీరసించేవీ అవే. మరోవైపు, ఇటువంటి కేంద్రంలో వాడే విద్యుత్తులో సగం, కొన్ని చోట్ల అంతకు పైగా, గాలి ఊదే యంత్రాలకే ఖర్చవుతుంది. ఎక్కడైనా బిల్లు తగ్గించాలనుకొనేవారి చేయి మొదట పోయేది ఆ స్విచ్చు మీదికే. గాలి ఆపినా, బయటికి వచ్చే నీరు ఆ రోజు తేటగానే కనిపించవచ్చు. లోపలి అమ్మోనియాను కన్ను పట్టలేదు. దాని ఫలితం చెరువులో చేపల మీద కనిపిస్తుంది. ఎంత బాగా గాలి పట్టించినా నైట్రేటు, భాస్వరం చాలావరకు మిగులుతాయి గనుక చెరువు పచ్చబడడం వేరే సమస్య.

నురుగు గురించి ఒక మాట. సబ్బుపొడుల మలినం ఉన్న నీరు కట్టమీదనుండి దూకినప్పుడు కూడా వాయుపూరణమే జరుగుతుంది. బెంగళూరు బెళ్ళందూరు, వర్తూరు చెరువుల తూముల వద్ద రోడ్డుమీదికి ఎగిరిన నురుగు అట్లా పుట్టినదే. నురుగు ఉన్నంత మాత్రాన నీరు విషమని గాని, లేనంత మాత్రాన మంచిదని గాని తీర్మానించలేము. చెరువు మధ్య ఫౌంటెన్లు పెట్టడం కూడా మురుగు రాకను ఆపదు. 2016 మార్చిలో బెంగళూరు హలసూరు చెరువులో వేలాది చేపలు చచ్చి తేలినప్పుడు, కరిగిన ప్రాణవాయువు పడిపోవడమే తక్షణ కారణమని తేలింది. దాని వెనుక ఉన్నది మురుగే.

తమ చెరువు నీటిని పరీక్ష చేయించదలచిన గ్రామస్థులు రెండు సంగతులు గమనించాలి. మధ్యాహ్నం మూడు గంటలకు తీసిన నీటిలో నాచు పుణ్యమా అని ప్రాణవాయువు నిండుగా ఉంటుంది. సూర్యోదయానికి ముందు తీసిన నీరే అసలు స్థితిని చెబుతుంది. రెండవది, సీసాను సగం నింపి తీసుకొనిపోతే దారిలోని కుదుపులకే నీటికి గాలి పట్టి, అంకె ఎక్కువగా వస్తుంది. అందుకే 1888లో హంగరీ దేశస్థుడు వింక్లర్ ఏర్పరచిన పద్ధతిలో సీసాను నీటిలో ముంచి, ఒక్క బుడగ కూడా మిగలకుండా నింపి, మాంగనీసు లవణాన్ని, క్షారం కలిపిన అయొడైడును చెరువుగట్టు మీదనే కలిపి మూత బిగిస్తారు. ప్రాణవాయువు ఉంటే అప్పుడే గోధుమరంగు మడ్డి ఏర్పడుతుంది. లేకపోతే అది తెల్లగానే ఉండిపోతుంది.